హెనీ ఆంటీ పుట్టినరోజుల క్యాలెండర్

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మేం అద్దెకు దిగిన ఇల్లు హెనీ ఆంటీది. హాలండ్‌లో పుట్టిన ఆవిడ, వృద్ధాశ్రమానికి వెళ్తూ తాళాలు మాకిచ్చింది. సందడి లేని వీధి, చల్లని ఇల్లు. దేవుడి దయ అనుకున్నాను.

టాయిలెట్ గోడకు మాత్రం పుట్టినరోజుల క్యాలెండర్ ఒకటి మర్చిపోయి వెళ్ళింది. మనుషుల పేర్లు అక్కడ వేలాడటం చూడలేక, తీసి తుడిచి దేవుడి పటాల పక్కన పెట్టాను.

వారానికి ఆవిడ దానికోసమే వచ్చింది. ఉత్త మేకు చూసి మొహం పాలిపోయింది.

"పారేశావా?"

"అయ్యో, సారీ ఆంటీ, ఇక్కడుంది!"

పటాల మధ్య దాన్ని చూసి నవ్వింది. "మా హాలండ్‌వాళ్ళు దీన్ని టాయిలెట్‌లోనే పెడతారమ్మా. రోజూ అక్కడికి వెళ్ళక తప్పదుగా, ఎవరినీ మర్చిపోం!"

జూలై పేజీలో 'యాన్' అన్న పేరు చూపించింది. "నా కొడుకు. తొమ్మిదేళ్ళకే పోయాడు. పోయినవాళ్ళ పేర్లూ కొట్టెయ్యం. ఈమధ్య నాకు మతిమరుపు ఎక్కువైంది. దీన్ని నీ దగ్గరే ఉంచి, ఆ రోజు ఫోన్ చేసి గుర్తుచేస్తావా?"

జూలైలో చేశాను. "ఆంటీ, ఇవాళ యాన్ పుట్టినరోజు."

"అలాగా! మీ అబ్బాయా? నా శుభాకాంక్షలు చెప్పమ్మా," అంది సంతోషంగా.

దేవుడి ముందు దీపం పెట్టి, యాన్‌కు చెప్పాను.