తాతయ్య రెండు వేళ్లు

నా చిన్నప్పుడు నాకున్న ముద్దుపేర్లలో ముద్దు ఉన్నది ఒక్కటీ లేదు. పక్కింటి అక్క నన్ను దున్న అనేది. వీధిలో పిల్లలు మగరాయుడు అనేవాళ్లు. మా అమ్మ ఏమీ అనేది కాదు గానీ, కుట్టించిన జాకెట్టు ఏడాది తిరక్కముందే నాకు బిగుతైపోతే తల పట్టుకుని కూర్చునేది. పన్నెండేళ్లకే నేను మా నాయన భుజం దాటి పెరిగాను. రాగి మూటను బండి మీదికి ఎక్కించాలంటే ఇద్దరు మగవాళ్లు పట్టేచోట నేనొక్కదాన్నే చాలు. పని ఉన్నంతసేపూ అందరూ నన్నే పిలిచేవాళ్లు. పని అయిపోయాక నన్ను చూసి నవ్వుకునేవాళ్లు.

నవ్వనివాడు మా తాతయ్య ఒక్కడే. కోలారు జిల్లా రాయల్పాడుకు దగ్గర్లో ఉండే మా ఊళ్లో మాకు కొంచెం మామిడి తోట, ఒక బావి, ఒక ఆవు, ఒక జత ఎద్దులు ఉండేవి. తాతయ్య వయసులో ఉండగా కోలారు బంగారు గనుల్లో రాళ్ల బండ్లు తోశాడు. ఆ పని వదిలి ఊరికి వచ్చాక గంగమ్మ జాతరలో పెద్ద గుండు ఎత్తి, చాలా ఏళ్లు ఆ పేరు మీదే బతికాడు.

గుండు అంటే నున్నగా చెక్కిన బండరాయి. పట్టుకోవడానికి దానికి ఎక్కడా ఒక అంచు ఉండదు. నేల మీదనుంచి ఒళ్లోకి, ఒళ్లోంచి రొమ్ము మీదికి, అక్కడినుంచి భుజం మీదికి ఎత్తి వెనక్కి పడెయ్యాలి. జాతరలో మగవాళ్లు పెద్ద గుండు ఎత్తుతారు, ఇంకా మీసాలు రాని పిల్లలు పిల్ల గుండు ఎత్తుతారు. ఎత్తినవాళ్ల మెడలో ఊరిపెద్దలు దండ వేసి, తప్పెట్లు కొట్టించుకుంటూ ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. ఆ పిల్ల గుండును కాపాడే బాధ్యత మా ఇంటిది. అది ఏడాది పొడుగునా మా తోటలో బావి పక్కన పడి ఉండేది. జాతరకు మా బండిలోనే పోయి, మా బండిలోనే తిరిగి వచ్చేది.

ఒకనాడు ఆవుకు నీళ్లు పెట్టడానికి పోయి, దారికి అడ్డంగా ఉందని ఆ గుండును ఒళ్లోకి ఎత్తుకుని పక్కన పెట్టాను. తాతయ్య చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. దగ్గరికి వచ్చి నా మణికట్లు తిప్పి తిప్పి చూసి, ఈ ఏడు జాతరలో నువ్వు ఎత్తుతావా అని అడిగాడు. ఆడపిల్లలు ఎత్తరు గదా తాతా అన్నాను.

"ఎత్తగూడదని యాడ ఉండాదమ్మా? ఇంతవరకు ఎవురూ అడగలేదు, అంతే" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా తల తిరిగిపోయింది. నన్ను దున్న అన్నవాళ్లందరూ చూస్తుండగా నా మెడలో ఆ దండ పడితే, ఈ ఒళ్లే గొప్పదైపోతుంది. ఆ తప్పెట్లు పక్కింటి గుమ్మం ముందునుంచే పోవాలి మరి, వేరే దారి లేదు. నాకు ఆ వయసులో అంతకంటే పెద్ద కోరిక లేదు. తర్వాత కూడా ఏ కోరికకూ అంతగా ఆశపడ్డ గుర్తు లేదు.

ఎత్తడం ఎవరైనా నేర్పుతారు. మా తాతయ్య నాకు నేర్పింది ఆగడం. రోజూ పొద్దున పాలు పితికే వేళకు నా ముందుకు వచ్చి తన కుడిచేతి రెండు వేళ్లు చాచేవాడు. నేను వాటిని పిడికిట్లో పట్టుకుని బలంకొద్దీ పిండాలి. ఆ పట్టును బట్టి ఆయన నిర్ణయం ఉండేది. గట్టిగా ఉంటే, ఈ పొద్దు రాయి నీది అనేవాడు. కాస్త వదులైనా సరే, నేను ఎంత బతిమాలినా గుండు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. రాగి ముద్ద, ఉలవలు ఉడికిన నీళ్లతో కాచే బస్సారు కడుపునిండా పెట్టించి, ఒళ్లంతా ఆముదం రాయించి, వేడినీళ్లు పోయించి, తోటలో నీడన గోనెపట్ట వేసి పడుకోమనేవాడు. ఆ రోజు నాకు ఏ పనీ చెప్పొద్దని అమ్మతో తగవు పడేవాడు. గనిలో ఆయన కళ్లారా చూశాడట, బండి కింద చెయ్యి పోగొట్టుకున్నవాళ్లలో బలం లేనివాళ్లు తక్కువ, అలిసిపోయామని తెలుసుకోనివాళ్లే ఎక్కువట. అందుకే నా అలుపును ఆయన నాకంటే ముందు పట్టేవాడు.

ఇప్పుడు మా మనవరాలు కేజీఎఫ్‌లో ఒక జిమ్‌కు పోతుంది. పొద్దున్నే అక్కడి మారికుప్పం స్టేషన్లో రైలెక్కి బెంగళూరులో ఉద్యోగం చేసుకుని, తిరిగి వచ్చి లారీ టైర్లు దొర్లిస్తుంది, రాతి బంతులు ఎత్తుతుంది, పోటీలకు కూడా పోతుంది. ఈ రోజు ఒంట్లో ఎంత అలుపుందో చూడటానికి అక్కడొక పరికరం ఉందట, చేత్తో పిండితే అంకె చూపిస్తుందట. అది చెప్పగానే నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నా చెయ్యి, రెండు వేళ్లను పట్టుకున్నట్టు దానంతటదే ముడుచుకుంది. ఏమైంది అవ్వా అని అడిగితే ఏమీ లేదన్నాను.

మళ్లీ జాతర దగ్గరికి వస్తాను. జాతర ఇంకో వారం ఉందనగా ఊరిపెద్దలు కొందరు మా ఇంటికి వచ్చారు. వాళ్లకు కాఫీ నేనే అందించాను. నన్ను చూసి బాగానే నవ్వారు గానీ, నేను లోపలికి పోయేదాకా ఎవరూ నోరు విప్పలేదు. వాళ్లు వెళ్లాక తాతయ్య చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాడు. జాతర ఖర్చుల గొడవేమో అనుకున్నాను.

మర్నాటి నుంచి నాకు పని పెరిగింది. బావిలోంచి నీళ్లు తోడి మామిడి మొక్కలన్నింటికీ కడవలతో మోయమన్నాడు. పేడదిబ్బ నుంచి ఎరువు గంపలు మోయమన్నాడు. అంతకుముందు, మర్నాడు గుండు ఎత్తాలంటే నాచేత చెంబెడు నీళ్లు కూడా మోయించని మనిషి. అమ్మకే వింతగా అనిపించి అడిగితే, "జాతర దగ్గరికొస్తే కడాకు ఇట్లే చేయల్ల, ఒళ్లు గట్టిపడతాది" అన్నాడు. ఆయనకు తెలియనిదేముంది అనుకుని నేను ఉత్సాహంగా మోశాను. పాటలు కూడా పాడుకున్నాను.

జాతరకు ముందురోజు పొద్దున తాతయ్య ఎప్పటిలాగే వేళ్లు చాచాడు. పట్టుకున్నాను, కానీ నా పిడికిలి సరిగ్గా మూసుకోనే లేదు. గంపల అంచులు ఒరుసుకుని అరచేతులు బొబ్బలెక్కాయి, మోచేతుల దాకా తిమ్మిరి. ఈ రోజు గోనెపట్టే అని నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే లోపల సంతోషించాను. తాతయ్య మాత్రం ఆ చేతులవైపు చూడలేదు, నా ముఖంవైపూ చూడలేదు.

"బాగుండాది, పద" అన్నాడు.

అరచేతులకు బూడిద రాసుకుని గుండు మీదికి వంగాను. మొదటిసారి ఎలాగో భుజం దాటింది. మామూలుగా అయితే అలాంటి రోజున ఒక్కసారితో సరి. ఇంకొకసారి అన్నాడు, ఎత్తాను. మళ్లీ అన్నాడు, మళ్లీ ఎత్తాను. గుండు రొమ్ము మీద ఆనుకుంటే ఊపిరి లోపలికి పోవడం లేదు. తొడలు వాటంతటవే వణుకుతున్నాయి. మోచేతుల లోపలివైపు చర్మం గీసుకుపోయి చెమట తగిలినప్పుడల్లా మంట. తాతా, చేతులు రావడం లేదు అన్నాను.

"అదేం లేదమ్మా. నువ్వు అలిసిపోలేదు, భయపడతా ఉండావు. ఇంగొకసారి" అన్నాడు.

నేను నమ్మాను. నా చేతులు ఒకటి చెబుతున్నాయి, తాతయ్య ఒకటి చెబుతున్నాడు, నేను తాతయ్యను నమ్మాను. ఆయన మామిడి పిందెలవైపు చూస్తూ నిలబడి ఆ మాటే అంటూ వచ్చాడు. చివరికి గుండు నేల మీదనుంచి లేవనంటే అప్పుడు చాలన్నాడు. ఆ రోజు ఆముదం లేదు, వేడినీళ్లూ లేవు. సాయంత్రం గుండును బండిలోకి ఎక్కించడానికి కూడా నాయనతోపాటు నన్నే ఒక చెయ్యి వెయ్యమన్నాడు.

జాతరలో నా వంతు వచ్చినప్పుడు ఎవరూ అడ్డం చెప్పలేదు. పెద్దలు నవ్వుతూ దారి ఇచ్చారు. ఎంత మంచివాళ్లో అనుకున్నాను, పిచ్చిదాన్ని. గుండు ఒళ్లోకి వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఎన్నోసార్లు నా భుజం దాటిపోయిన రాయి, ఎంత పళ్లు బిగించినా రొమ్ము దగ్గరికి రాలేదు. జారి నా కాళ్ల ముందు పడింది. ఎవరో ఈల వేశారు. పక్కింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దల్లో ఒకాయన నా తల నిమిరి, "పోనీలేమ్మా, ఆడబిడ్డవి. ఈ మాత్రం లేపిందే గొప్ప" అన్నాడు. వెక్కిరించినా అంత బాధ కలిగేది కాదు. దండ వేరే వీధి కుర్రవాడి మెడలో పడింది. తాతయ్య తన తువ్వాలు తీసి నా భుజాల చుట్టూ కప్పాడు. ఈ ఊళ్లో నా వైపు ఉన్నది ఈయన ఒక్కడే అనుకుని, ఆ తువ్వాల్లో ముఖం దాచుకుని ఏడ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లు నా ఒళ్లంటే నాకే రోత పుట్టింది. ఊరందరి మూటలూ మోసిపెట్టి, నాకు కావలసిన ఒక్కరోజు మొండికేసిన ఒళ్లు. అద్దంలో చూసుకోవడం మానేశాను. ఎవరైనా మూట ఎత్తమంటే నా చేత కాదని చెప్పేదాన్ని. దానికి తోడు జ్వరం తగిలింది. అమ్మ ఏ పనీ చెప్పకుండా కడుపునిండా తినిపించి పడుకోబెట్టింది.

జ్వరం తగ్గాక ఒక మధ్యాహ్నం ఆవును కట్టెయ్యడానికి తోటకు పోయాను. గుండు ఎప్పటిచోటే పడి ఉంది. దాన్ని చూడగానే ఒళ్లు మండి కాలితో తన్నాను. కాలు నొచ్చింది. ఆ కోపంలోనే వంగి పట్టుకున్నాను. ఒళ్లోకి వచ్చింది, రొమ్ము మీదికి వచ్చింది, భుజం మీదికి పోయి వెనకాల దభీమని పడింది. నమ్మలేక మళ్లీ ఎత్తాను. మళ్లీ అంత సులువుగానే పోయింది.

తల తిప్పి చూస్తే బావి గట్టు మీద తాతయ్య కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నది అదే. ఊరందరి ముందూ ఓడిపోయిన పిల్ల అదే గుండును ఆటలాగా ఎత్తి పడేస్తుంటే ఎవరైనా నోరు తెరుస్తారు. ఆయన తాడు పేనడం ఆపి తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం చూశాక నీళ్ల కడవలు, ఎరువు గంపలు, ముందురోజు గుండు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"నీకు తెలుసు గదా తాతా" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. తాడు పక్కన పెట్టి మిగతాది చెప్పాడు. "ఆడబిడ్డ ఎత్తిన గుండుకు రేపు మగోళ్లలో విలువ యాడ ఉంటాది అన్నారు పెద్దోళ్లు. జాతరలో నిన్ను అందరి ముందరే పక్కకు పొమ్మంటామన్నారు. వద్దప్పా, మీరేం అనొద్దు, అది ఎత్తదు, నేను చూసుకొంటా అని చెప్పినాను. ఊరు వద్దంటే నీకు బతికినన్నాళ్లూ ఊరి మీద కోపం ఉంటాది. గుండే రాలేదంటే నాలుగు దినాలు ఏడ్చి మర్చిపోతావనుకొన్నా."

ఆయన మనసు నాకు ఆ వయసులోనే అర్థమైంది. అర్థమైనకొద్దీ మంట పెరిగింది. ఊరు వద్దని ఉంటే నేను ఊరిని తిట్టుకుని ఉండేదాన్ని, అది నాకు చేతనైన పనే. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది నా చేతులను. నా అలుపు ఎంతదో నాకంటే బాగా తెలిసిన ఒకే ఒక మనిషి, ఆ తెలివిని నా మీదే వాడాడు. అలిసిపోయిన నన్ను అలిసిపోలేదన్నాడు. పైగా నేను ఏడుస్తుంటే తువ్వాలు కప్పాడు. మిగతావన్నీ పోనీ అనుకోగలిగాను గానీ, ఆ తువ్వాలును మాత్రం క్షమించలేకపోయాను.

మర్నాడు పొద్దున ఆయన అలవాటు కొద్దీ వేళ్లు చాచాడు. నేను పాలచెంబు తీసుకుని పక్కనుంచి వెళ్లిపోయాను. మళ్లీ ఎప్పుడూ చాచలేదు. తర్వాతి ఏడు జాతరకు ఎత్తుతావా అని ఆయన అడగలేదు, నేనూ ఎత్తుతానని అనలేదు. ఆయనతో మాటలు మానలేదు. అన్నం పెట్టాను, మందులిచ్చాను. మంచాన పడ్డాక ఆయన్ను రెండు చేతులా ఎత్తి బయట ఎండలో కూర్చోబెట్టింది కూడా నేనే. ఆయన నన్ను ప్రేమించలేదని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఆ ప్రేమ నిజం కాకపోయి ఉంటే నాకు ఇంకా సులువుగా ఉండేది.

మొన్న మనవరాలి వెంట జిమ్‌కు పోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పిల్ల రైల్లో సీటు దొరక్క నిలబడే వచ్చిన రోజు. రాతి బంతిని నడుము దాకా లేపి దించేసి, నావైపు తిరిగి, "అవ్వా, ఎత్తేదా, చాలా?" అని అడిగింది. పోటీ దగ్గర పడింది కదా, ఎత్తమనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నన్ను అడగొద్దమ్మా, నీకే తెలుస్తాది" అన్నాను. అది మోచేతి పట్టీలు విప్పేసి, నీళ్లు తాగి వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడింది.

తాతయ్య నేర్పినవన్నీ పోయి ఆనాటి నుంచి నాతో మిగిలింది ఇంతే. ఏదైనా పని నా వల్ల కాలేదనిపిస్తే, నన్ను నేను తిట్టుకునే ముందు, నిన్న నాచేత ఎవరు ఏం మోయించారో ఒకసారి చూసుకుంటాను. చూసుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు కనబడుతూనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నన్ను ప్రాణంగా చూసుకున్నవాళ్లే.