వంజరం కాని వంజరం

వడమాలపేట మునెమ్మ ఎండు చేపను మూడు రకాలుగా పరీక్షించేది. మొదట రెక్క విరిచేది. పుటుక్కున విరిగితే ఎండ చాలినట్టు. తర్వాత పొట్ట చీలిన చోట ముక్కు ఆనించి వాసన చూసేది. చివరికి ఉప్పును వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకునేది. ఇసుక తగిలితే ఆ చేప పక్కకు పోవలసిందే. మూడింటికీ నిలిచిన కరవాడే ఆమె బుట్టలోకి చేరేది. ఆ పరీక్షలు ఆమెకు నేర్పింది అత్తగారు. బుట్ట కూడా అత్తగారిదే.

మంగళవారాలు పుత్తూరు వెళ్లి, మద్రాసు నుంచి ప్యాసింజరు రైల్లో దిగే కరవాడు మూటలు ఎత్తుకునేది. గురువారాలు తిరుపతి బస్సెక్కేది. ఆ బస్సులో సగం మంది కొండకు పోయే భక్తులు కావడంతో కండక్టర్లు ఆమె బుట్టను లోపలికి రానిచ్చేవారు కాదు. దాన్ని పైకప్పు మీదికి ఎక్కించి, ఎండైనా వానైనా తాడు ముడి సరిగ్గా పడిందో లేదో తానే చూసుకుని వచ్చి వెనక సీటులో కూర్చునేది. తిరుపతిలో రైలు పట్టాలకు అవతల పదకొండు ఇళ్లున్న ఒక సందు ఆమె చివరి మజిలీ. అక్కడ పరుపులు కుట్టే కుటుంబానికి పెద్ద దిక్కు అజ్మతున్నీసా. ఆమె గడప ముందు దిగిన బుట్టే తక్కిన పది ఇళ్లకూ ఆమోదమైన బుట్ట.

బాలింతకు ఎండు పాలసొర చేప పెడితే పాలు పడతాయని ఆ జిల్లాలో అన్ని కులాలవారూ, మతాలవారూ నమ్మేవారు. ఆ నమ్మకానికి ఆధారమేమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు; మునెమ్మా చెప్పలేదు. కాని పాలసొర పేరుతో మరొకటి అంటగట్టదనే మాట ఆమెకు ఉండేది. ఇరవై ఏళ్లు ఆ మాట మీదే ఆమె సంసారం నడిచింది.

1982 వేసవిలో పాలసొర కరువైంది. పుత్తూరులో మూటలు పంచే కుప్పుస్వామి, దానికి బదులుగా తెల్లని మందపాటి ముక్కలు చూపించాడు. తల లేదు, తోక లేదు, రెక్క లేదు, చర్మం కూడా ఒలిచేసి ఉంది.

"వంజరం చేప మునెమ్మా. మూట మీదనే రాసినారు సూడు. పెద్ద పడవల్లో పట్టినారంట."

విరవడానికి రెక్క లేదు, వాసన చూడడానికి పొట్ట లేదు. మిగిలింది ఉప్పు పరీక్ష ఒక్కటే. ఇసుక తగల్లేదు. ముక్కను వేళ్లతో నొక్కితే నూనె తేలింది. ఎండ చాలని చేపలో కనిపించే తడి కాదది, స్వచ్ఛమైన నూనె. మునెమ్మ దాన్ని గుణంగా లెక్కవేసింది. కొవ్వున్న చేప బలం కదా అనుకుంది. ఆమె చేసిన తప్పు అదే.

ఆ గురువారం అజ్మతున్నీసా కోడలు దిల్షాద్ బీ ప్రసవించి పన్నెండో రోజు. "పాలసొర లేదు బీబీ, ఇది పెట్టు. కొవ్వుండే చేప, బిడ్డకు పాలూ పడతాయి, తల్లికి బలమూ ఉంటాది" అని మునెమ్మ తన నోటితో చెప్పి ఇచ్చింది.

తర్వాతి గురువారం ఆమె సందు మలుపు తిరిగేసరికే అజ్మతున్నీసా గడపలో నిలబడి ఉంది.

"బుట్ట దించొద్దు మునెమ్మా."

"ఏమైంది బీబీ?"

"ఏమైందా? మూడు దినాలు నా కోడలు మంచం మీద కూర్చోలేకపోయింది, పడుకోలేకపోయింది. కడుపులోంచి నారింజ రంగు నూనె. దానికి తెలియకుండానే జారిపోతా ఉంటే సిగ్గుతో గోడ వైపు తిరిగి ఏడ్చింది. పచ్చి బాలింత. కుళ్లిన చేప మా ఇంటికే దొరికిందా నీకు?"

"కుళ్లిన చేప కాదు బీబీ, ఒట్టు."

"ఒట్టు నీ దగ్గరే పెట్టుకో. ఈ సందులో మళ్లీ నీ బుట్ట కనిపించొద్దు."

ఎదురింటి తలుపు, దాని పక్క తలుపు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. ఈ సందు పోతే ఆ మాట పక్క వీధికి పాకడానికి వారం పట్టదని మునెమ్మకు తెలుసు. అత్తగారి బుట్ట ఇక తిరుపతిలో దిగదు.

మునెమ్మ బుట్టను వీధి చివర సోడా బండి వాడికి అప్పగించి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చి, తలుపు తీసిన ప్రతి ఇంట్లోనూ నాలుగే ప్రశ్నలు అడిగింది. ఎవరు తిన్నారు? ఎంత తిన్నారు? ఎట్లా వండినారు? వాంతి, జ్వరం, దురద ఉన్నాయా?

పదకొండు ఇళ్లలో ఎనిమిది ఆ ముక్కలు కొన్నాయి. చింతపండు పులుసులో రెండు మూడు చిన్న తునకలేసి అందరూ పంచుకున్న అయిదు ఇళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. అరచేయంత ముక్కలు వేయించుకుని కడుపు నిండా తిన్న మూడు ఇళ్లలో మాత్రం అదే నూనె కథ. వాంతి ఎవరికీ లేదు. జ్వరం లేదు, ఒంటి మీద దద్దుర్లు లేవు, కడుపునొప్పి కూడా ఒక్కరు తప్ప ఎవరూ చెప్పలేదు. దిల్షాద్ ఒక్కతే అందరికంటే ఎక్కువ తిన్నది. బాలింతకని ఇంట్లోవాళ్లు తమ వాటా కూడా ఆమె పళ్లెంలోనే వేశారు. చేప కుళ్లి ఉంటే పులుసు తిన్నవాళ్లను వదిలిపెట్టేది కాదని మునెమ్మ అర్థం చేసుకుంది. లోపం ఉప్పులో లేదు, ఎండలో లేదు. చేపలోనే ఉంది.

అయినా ఆమె అక్కడితో ఆగలేదు. ఇంటికి పోయి ఒక చిన్న తునక పులుసులో వేసుకుని తిన్నది. రెండు రోజులు చూసింది, ఏమీ కాలేదు. మూడో రోజు పెద్ద ముక్క వేయించుకుని తిన్నది. నీ బుద్ధి గడ్డి తిన్నదా అని భర్త మునెయ్య అరిచాడు. "నేను తినకుండా చేప మీద నింద యెట్ల యేసేది?" అన్నది. మర్నాడు మధ్యాహ్నానికి దిల్షాద్ పడిన అవస్థ ఏమిటో ఆమెకు స్వయంగా తెలిసింది.

మిగిలిన మూటను గోనె మీద గుమ్మరించి వెతికితే అడుగున ఒక ముక్క చర్మంతో దొరికింది. ముదురు గోధుమరంగు. వంజరం చర్మం నున్నగా ఉంటుంది. ఇది చేయి వేస్తే తురుముపీటలా గీరుకుంది. ఆ ముక్కను కాగితంలో చుట్టుకుని, తన దగ్గర నెత్తళ్లు కొనే జంతుశాస్త్ర అధ్యాపకుడు ప్రేమానందం ఇంటికి తీసుకుపోయింది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చూసిన వెంటనే పేరు చెప్పలేదు. పుస్తకం చూడాలి, రెండు రోజులాగి రమ్మన్నాడు. మళ్లీ వెళ్లినప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు.

"తల లేదు కాబట్టి నూటికి నూరుపాళ్లు అనలేనమ్మా. కాని ఈ చర్మం, ఆ నూనె రెండూ కలిసి ఒకే చేపను చూపిస్తాండాయి. ఇంగ్లీషులో ఆయిల్ ఫిష్ అంటారు. మనిషంత పొడుగు కూడా పెరుగుతాది. మన పడవలు వల వేసే చోట ఉండదు. నూరు నిలువుల లోతు, ఇంకా కిందికి, యెలుతురు చేరని నీళ్లల్లో ఉంటాది."

"అంత లోతునుంచి యెట్ల పట్టినారు సామీ?"

"దాని కోసం పోయి పట్టలేదు. తూర చేప కోసం మైళ్ల పొడుగు తాడు వదిలి, దానికి వందల కొక్కేలు కడతారు. ఎర చూసి ఇదీ వచ్చి తగులుకుంటాది. మార్కెట్టులో దీన్ని అడిగేవాళ్లు లేరు. తల తీసి, తోలు ఒలిచి, ఉప్పేసినాక తెల్లని కండ వంజరం మాదిరే కనిపిస్తాది."

"ఆ నూనె?"

"అది మనం అనుకునే నూనె కాదు, మైనం జాతి. నీళ్లకంటే తేలిక. అంత లోతులో శ్రమ లేకుండా తేలడానికి దానికి ఉపయోగం. మన పేగులు దాన్ని అరిగించలేవు. అరగనిది అట్లనే జారిపోతాది. విషం కాదు. కొంచెం తింటే తెలియదు, ఎక్కువ తింటే ఇదీ పని."

మునెమ్మ "పాలు తాగే బిడ్డకో?" అని అడిగింది.

"పాలల్లోకి వస్తాదని నేను చదవలేదు. చదవనంత మాత్రాన రాదని చెప్పలేను. బిడ్డ బాగుండాదా లేదా అని నువ్వే సూడు."

అక్కడి నుంచి పుత్తూరు. కుప్పుస్వామి దగ్గర అదే సరుకు ఇంకా మూడు మూటలుంది. అతను మోసగాడు కాడు; మూట మీద రాసింది నమ్మాడు. కాని సంగతి తెలిశాక అతను అన్న మాట వేరు.

"అయితే తిరుపతి వద్దులే. కాళహస్తి సంతకు పంపుదాం. ఆడ నిన్నెవురు ఎరుగుదురు?"

"నన్ను ఎరగరప్పా. కడుపు మాత్రం ఆడోళ్లకూ ఈడోళ్లకూ ఒకటే."

"అంత పెద్ద మాటలొద్దు. విషం కాదని ఆ సారే చెప్పినాడంటివే."

"చెప్పినాడు. నేను తిని గూడా సూసినా. రేపు మీ ఇంట్లో అరచేయంత ముక్క యేయించి, నువ్వూ నీ పెండ్లామూ తినండి. అయినంక కాళహస్తికి పంపు. అడ్డం రాను."

కుప్పుస్వామి పార తెచ్చాడు. ఆ మధ్యాహ్నం మూడు మూటలూ అతని పెరట్లో టెంకాయ చెట్టు పాదులో పూడిపోయాయి. మునెమ్మ దగ్గర మిగిలినవీ వాటితోపాటే పోయాయి. అతను రెండు నెలలు ఆమెతో ముభావంగా ఉన్నాడు. నష్టం చిన్నది కాదు కనుక అందులో తప్పు పట్టడానికి లేదు.

మర్నాడు ఆమె బుట్ట లేకుండా అజ్మతున్నీసా ఇంటికి వెళ్లింది. గడప బయటే కూర్చుని, వంజరమని తాను చెప్పింది వంజరం కాదని, నూనె చూసి బలమనుకోవడం తన తప్పేనని, అది కుళ్లిన చేప కాదని, తాను తిని చూశానని, అధ్యాపకుడు చెప్పిందీ చెప్పలేనన్నదీ రెండూ దాచకుండా చెప్పింది.

"బిడ్డ బాగుండాదా బీబీ?"

"బాగుంది. దానికేం? రోజంతా తాగతానే ఉంది." అజ్మతున్నీసా గొంతు ఇంకా మెత్తబడలేదు. "పేరు తెలియని చేపని మా కోడలికి ఎట్లా పెట్టినావ్?"

"మూట మీద రాసిన పేరు నమ్మినా. నాకు తెలీదని చెప్పి ఉండాల్సింది. చెప్పల్యా."

లోపలి నుంచి దిల్షాద్ గొంతు వినిపించింది. "నువ్వు కూడా తిన్నావా మునెమ్మా? నిజంగానా?"

"తిన్నానమ్మా. మునెయ్య రెండు దినాలు పెరట్లో పడుకున్నాడు."

దిల్షాద్ నవ్వు ఆపుకోలేకపోయింది. అత్తగారు ఆమె వైపు కోపంగా చూసి, తనకూ వచ్చిన నవ్వు కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది. "గురువారం రా" అన్నది చివరికి. "నేను కొంటాను. మిగతా ఇళ్ల సంగతి నేను చెప్పలేను."

చెప్పలేనన్నది నిజమే అయింది. నూనె కథ జరిగిన తక్కిన రెండు ఇళ్లలో ఒకటి ఏడాది దాకా మునెమ్మను గుమ్మం దగ్గరికి రానివ్వలేదు. రెండోది మళ్లీ ఎప్పుడూ కొనలేదు.

గురువారం బుట్ట దిగింది. దిల్షాద్ బిడ్డను భుజాన వేసుకుని గడపలో కూర్చుని, ఒక్కొక్కటే చేత్తో ఎత్తి పేరు అడిగింది. మునెమ్మ చెబుతూ పోయింది: నెత్తళ్లు, సవ్వలు, వాలుగ. నాలుగోది చేతికి వచ్చినప్పుడు మునెమ్మ దాన్ని తీసుకుని తిప్పి చూసి, రెక్క విరిచి, మళ్లీ తిప్పి చూసింది.

"దీని పేరు నాకు తెలీదమ్మా" అని, దాన్ని బుట్టలోకి కాకుండా తన కొంగులోకి వేసుకున్నది.