మామ మొదటి ముద్ద

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగం కోసేసి వినండి. పిల్లికూనను చూసొస్తే ఇంటికి చేరేలోపు దాన్ని చిరుతపులిని చేసే నోరు నాది. మా మేనమామ సంగతి చెప్పేటప్పుడైనా అదుపులో ఉంటుందేమో చూద్దాం.

మామది మణుగూరు అవతల, అడవిని ఆనుకున్న ఊరు. సెల్‌ఫోన్లు అక్కడికి కొత్తగా వస్తున్న రోజులవి. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది: ఇంటి పెద్ద మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎవరూ కంచం ముట్టరు.

ఆ వానాకాలం నేను తల్లాడ నుంచి మామను చూడ్డానికి వెళ్ళాను. మామ ముద్ద పెట్టుకున్నాడు. మేమంతా అన్నం మీద పడ్డాం. ఆయన మాత్రం మెల్లగా లేచి పెరట్లోకి నడిచాడు. వెనకే కోళ్ళు! ఊరి కోళ్ళన్నీ, అడవికోళ్ళతో సహా, బారులు తీరి, ఒక్కొక్కటి దూడంత. అనుమానం వచ్చి నేనూ వెళ్ళాను. గడ్డివాము చాటున మామ ఆ ముద్దను ఉమ్మేస్తున్నాడు. ఆయన జబ్బు అందరికంటే ముందు కోళ్ళకే తెలిసింది.

"ఏంది మామా గిది?"

"దిగుతలేదు అల్లుడా. నీళ్ళు గూడ అడ్డం పడ్తున్నయ్. నేను ముద్ద పెట్టకుంటే ఇంటిల్లిపాది పస్తుంటరు. మీ అత్తకు చెప్పకు."

చెప్పేశాను. అత్త ఏడవలేదు, తిట్టింది. "ఇన్ని దినాలు కోళ్ళను మేపినవు గానీ, నాకు చెప్పనీకి నోరు రాలేదా?" అంటూనే సంచిలో బట్టలు కుక్కింది.

ఖమ్మంలో డాక్టరు పరీక్షలు చేసి, అన్నవాహికలో క్యాన్సర్ అన్నాడు. ముదిరిపోయింది, కోసి తీసే వీల్లేదు. నోట్లోంచి లోపలికి దించి, మూసుకుపోయిన చోట జాలీలాంటి సన్నటి గొట్టం పెడతామని, అది విచ్చుకుని దారి చేస్తుందని, దాన్ని స్టెంట్ అంటారని వివరించాడు.

"బోరుల కేసింగ్ దించినట్టా సారూ?" అన్నాడు మామ.

డాక్టరు నవ్వాడు. "అవ్, గట్లనే."

"దిగినంక బువ్వ తింటనా?"

"మెత్తగ చేసుకొని, నిటారుగ కూసొని, కొంచెం కొంచెం తినాలె. ముక్కలు గిక్కలు వద్దు. కానీ పెద్దాయనా, దారి దొరుకుతది గానీ రోగం పోదు."

"దారి చాలు సారూ."

స్టెంట్ వేశాక ఛాతీలో నొప్పి అని మూలిగాడు. కొన్నాళ్ళు పాలు, జావ. తర్వాత ఓ మధ్యాహ్నం అత్త పప్పుచారన్నం మెదిపింది, గోడకు సినిమా పోస్టరు అంటించేంత మెత్తగా. మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మా చేతులన్నీ కంచాల మీద గాల్లోనే ఆగిపోయాయి. గుటక పడింది. ఆ చప్పుడు గోదావరి దాటి భద్రాచలం రేవులో వినబడింది.

"ఏంది, సినిమా చూస్తున్నరా? తినుండ్రి!" అన్నాడు మామ. అత్త వైపు తిరిగి, "ఒక్క మటన్ ముక్క ఎయ్యవే."

"కేసింగ్‌కి అడ్డం పడ్తది. నోరు మూసుకొని తిను."

"నోరు మూసుకొని ఎట్ల తింటనే?"

అత్త నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మామ రెండోసారి వడ్డించుకుని, వేళ్ళు నాకాడు.

చలికాలం దాటకుండానే పోయాడు.

ఇక కోళ్ళ సైజూ గుటక చప్పుడూ మీరెలాగూ కోసేసి ఉంటారు. అసలు కల్పన ఇంకొకటి: ఆ రెండో వడ్డన. మామ రెండోసారి వడ్డించుకోనేలేదు. నాలుగైదు ముద్దలకే అలసిపోయి, గోడకు ఆనుకుని మేం తినడం చూస్తూ కూర్చున్నాడు. పెరట్లోకి మాత్రం వెళ్ళలేదు. గడ్డివాము దగ్గర కోళ్ళు చాలాసేపు ఎదురుచూశాయి. అది నిజం.