చన్నీళ్ళ తొట్టి ఎవరిది?

లాండ్రీలో అతన్ని అందరూ జ్యోతిష్కుడనే పిలిచేవారు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఇట్టే పసిగడతానని అతనికి మహా గర్వం. తీరా చూస్తే ఆ గర్వానికి ఆధారం చిన్నపిల్లల ఆట: రాయి, కాగితం, కత్తెర.

అక్కడ పనులు రెండు. వెచ్చగా నిలబడి చేసే ఇస్త్రీ ఒకటి, చన్నీళ్ళ తొట్టిలో దుప్పట్లు జాడించి పిండడం ఒకటి. ఎవరికేదో మీరే తేల్చుకోండని యజమాని చేతులు దులుపుకున్నాడు. అందుకని రోజూ తలుపులు తీయగానే అతనూ, అందరూ అక్కా అని పిలిచే పెద్దావిడా చేతులు చాచేవారు. ఆవిడ రాయి. అతను కాగితం. మరీ అనుమానం రాకుండా అప్పుడప్పుడూ తనూ రాయి వేసి, రెండోసారి కాగితంతో గెలిచేవాడు. కత్తెర జోలికి మాత్రం పోలేదు, మహానుభావుడు! గెలిచినవాళ్ళకి ఇస్త్రీ కాబట్టి, ఆవిడ తొట్టి దగ్గరికి నడిచేది.

“భయస్తులు పిడికిలి విప్పరు. అక్కకి ధైర్యం తక్కువ, అంతే కిటుకు,” అని ఒకరోజు, బట్టల మూటలు తెచ్చే బండివాడి ముందు కోతలు కోశాడు.

ఇంతలో టీ వచ్చింది. అక్క గ్లాసు అందుకోలేదు. అటు తిరిగి, ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే లాగి విప్పుకుంటోంది.

“ఏమైందక్కా?” అడిగాడు జ్యోతిష్కుడు.

“చన్నీళ్ళకి బిగుసుకుపోయాయి తమ్ముడూ. పొద్దున్నపూట అసలే విచ్చుకోవు, పిడికిలి తప్ప ఏదీ రాదు. ఇస్త్రీ వేడికైతే కాస్త సడలుతాయి,” అని నవ్వేసింది. “నువ్వు ఏదో ఒకరోజు కత్తెర వేయకపోతావా అని చూస్తున్నా.”

అతనికి అప్పుడర్థమైంది. తను చదివింది మనసు కాదు, నొప్పి పుట్టే చెయ్యి. పైగా ఆ నొప్పిని రోజూ ముదరబెట్టింది తనే. సిగ్గుతో చచ్చిపోయాడు.

“రేపట్నుంచి తొట్టి నాదక్కా. ఆట వద్దు.”

“ఏం, జాలా? గెలిస్తేనే ఇస్త్రీకొస్తా. ఊరికే ఇస్తే నాకొద్దు.”

మర్నాడు ఇద్దరూ చేతులు చాచారు. ఆవిడ రాయి. అతను కత్తెర.

“ఏం జ్యోతిష్కుడా, లెక్క తప్పిందే!” అక్క పకపకా నవ్వింది.

అతను తలెత్తలేకపోయాడు. తొట్టిలో చేతులు ముంచితే చలి మోచేతుల దాకా పాకింది. వెనకాల అక్క బండివాడితో అంటోంది: “ఎప్పటికైనా కత్తెర వేస్తాడని నాకు తెలుసులే. మా తమ్ముడి మనసు నాకు తెలియదూ?”