పిల్లలకంటే ముందు ఒక చెంచా

మీ వీధి బడిలో ఈ మధ్యాహ్నం, పిల్లలకంటే ముందు ఆ అన్నం నోట పెట్టేది ఎవరు? చెప్పగలరా? మొన్న ఆదివారం దాకా మా గిలకలదిండి బడికి ఆ జవాబు ఉండేది. ప్రార్థన ముగించి బయటికొస్తుంటే బడిలో వంట చేసే పిన్ని ఎదురొచ్చి, "అయ్యగారూ, మన మాస్టారు పోయారండీ. నిద్దట్లోనే" అంది. చేతిలో ఉన్న బైబిలు గ్రంథం తెరిచాను. ప్రతి చావుకీ ఒక వాక్యం దొరికే నాకు ఆరోజు ఏ పేజీ దగ్గరా వేలు ఆగలేదు.

ఆదివారం ప్రసంగం చెప్పినా, మిగతా రోజుల్లో బడి గోడ పక్కన కూర్చుని వలలు బాగుచేసుకోవడం నా పని. అక్షరాలు కూడబలుక్కుని గ్రంథం చదవడం అక్కడే, నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే మాస్టారి రోజు ఎలా గడిచేదో నాకు తెలుసు. ఆ బడికి ఆయనొక్కరే. చిలకలపూడి నుంచి స్కూటర్ మీద వచ్చి, తాళం తీసి, సిగ్నలు కోసం ఫోను పైకెత్తుకుని వరండా అంతా తిరిగేవారు. హాజరుకి ఫోటో, గుడ్లకి ఫోటో, మరుగుదొడ్డికి ఫోటో, అన్నీ పైవాళ్ళకి పంపాలి.

"మన దొడ్డికి తీసినన్ని ఫోటోలు పెళ్ళికూతురికి కూడా తియ్యరు మాస్టారూ" అని పిన్ని ఎగతాళి చేసేది.

"పాఠం చెప్పడానికి తీరిక దొరికితే ఆరోజు పండగే పిన్నీ" అనేవారాయన నవ్వి. ఫోను జేబులో పెట్టి, ముక్కు కారుతున్న పిల్లకి ముక్కు తుడిచి, అప్పుడు సుద్దముక్క పట్టేవారు.

వంట కాగానే ముందు ఆయన తిని చూడాలి. అది నిబంధన. వాళ్ళింట్లో గుడ్డు ముట్టరు. అయినా చిన్నపిల్లలకి గుడ్లు తనే వలిచి పెట్టేవారు. రాజుకంటే ముందు పాత్రలోది రుచి చూసే సేవకుడి సంగతి గ్రంథంలో చదివాను. సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాళ్ళ పిల్లల కోసం రుచి చూసే మనిషిని మాత్రం ఈ గోడ మీదుగానే చూశాను.

"ఆకలా మాస్టారూ, మీరే ముందు?" అని అడిగానొకసారి.

"నేను ముందుండేది ఇక్కడొక్కచోటేనండీ" అన్నారు.

ఒకరోజు సాంబారు మింగీ మింగకముందే "ఆపండి" అన్నారు. అంతా పారబోయించి, అరటిపళ్ళు తెప్పించి పంచారు. సాయంత్రం ఒక తల్లి వచ్చి దులిపేసింది. "పిల్లల కడుపు మాడుస్తావా మాస్టారూ?"

"ఉప్పెక్కువైందమ్మా."

"సముద్రం ఒడ్డున పుట్టినోళ్ళం! మా పిల్లలకి ఉప్పు పడదా?"

ఆమె వెళ్ళేదాకా నిలబడి, తర్వాత గోడవారగా వచ్చి వాంతి చేసుకున్నారు. నీళ్ళిచ్చాను. కోపం ఆగలేదు. "పప్పు పాడైందని నిజం చెప్పొచ్చుగా?"

"చెబితే రేపట్నుంచి తినరండీ. చాలామందికి పొద్దున ఇంట్లో ఏమీ ఉండదు. పప్పు మార్పిస్తున్నాను. కానీ భయం ఒకసారి నాలుకకి తగిలిందంటే ఇక పోదు."

నిజాన్ని మైకులో అరిచి చెప్పేవాణ్ణి నేను. ఆయన మౌనం ఒప్పా, తప్పా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అది ఉద్యోగమా, ప్రేమా? ఉద్యోగమే అయితే ఆ తిట్లు ఎందుకు తిన్నారు? ప్రేమే అయితే ఊళ్ళో ఒక్కరికైనా ఎందుకు తెలియలేదు? గ్రంథం అటు తిప్పుతున్నాను, ఇటు తిప్పుతున్నాను.

మంగళవారం బడి తెరిచారు. సర్దుబాటు మీద వచ్చిన కొత్త టీచరమ్మ వరండాలో ఫోను పైకెత్తుకుని తిరుగుతోంది. పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు. అన్నం పొగలు కక్కుతోంది. ఒక్కరూ ముట్టుకోలేదు.

"తినండర్రా" అంది పిన్ని.

"మాస్టారు తినలేదుగా" అంది ఒక చిన్నది.

పిన్ని గరిటె పట్టుకుని నావైపు చూసింది. వల వదిలేసి లోపలికి వెళ్ళాను. కిటికీ ఊచకి తగిలించిన ఆయన చెంచా తీసి ఒక ముద్ద తిన్నాను. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పలేను. పిల్లలంతా నా మొహంలోకి చూశారు. ఆ తర్వాతే తిన్నారు.

బందరులో ఉన్నా, గుడివాడలో ఉన్నా, దివిసీమలో ఉన్నా, లేవండి. ప్రసంగాలు చాలు. అన్నం గంట కొట్టకముందే మీ వీధి బడికి వెళ్ళండి. ఒంటరిగా ఉన్న ఆ టీచరు పక్కన నిలబడి చెంచా అందుకోండి. రేపు కాదు. ఈ మధ్యాహ్నమే.