కూతురింటికి తూటికూర

కూతురింటికి ఉత్త చేతులతో పోకూడదు. అలాగని మిఠాయికి డబ్బు తగలేయడం నా వల్ల కాదు. భువనగిరి నుంచి వెళ్తుంటే మక్తల్ దగ్గర బస్సు టీకి ఆగింది. చెరువు ఒడ్డున ఊదారంగు పూలు చూసి దిగి, లేత కొమ్మలు సంచి నిండా తెంపాను.

మేకలు కాస్తున్న ఒకామె అడిగింది. "పొయ్యిలకా అవ్వా?"

"కాదు, బిడ్డకు. తూటికూర."

"అయ్యో, గది లొట్టపీసు! రెండూ అక్కచెల్లెండ్లే, పూలు ఒక్కతీరే. తూటికూర నీళ్ల మీద పాకుతది. గిది ఒడ్డున నిక్కి నిలవడ్తది. తింటే పానం మీదికొస్తది. నా మేకలు సుత మూతి పెట్టవు."

"మీ మేకలకు పొగరెక్కువున్నది" అన్నాను.

ఆమె నవ్వి, నీళ్లలోకి దిగి అసలు కూర కోసుకొచ్చింది. ఇచ్చేముందు ఆగింది.

"అల్లుడు మంచోడేనా?"

"మంచోడే."

"అయితే గా లొట్టపీసు పారెయ్యి."