వెనక సీటులో చిన్నమ్మ

ఆ రోజుల్లో నాకు కారు నడపడం వచ్చన్న సంగతి లోకమంతా తెలియాలని మహా తాపత్రయం. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో కొత్త లైసెన్సు, బాడుగకు తెచ్చిన తెల్ల కారు. అక్క పెళ్లికి పిలుపుల పని నాకు అప్పగించారు. మా వైపు చేతికి పత్రిక ఇచ్చినంత మాత్రాన పిలిచినట్టు కాదు. ముత్తైదువ లోపలికి వెళ్లి ఆ ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టి రమ్మంటేనే పిలుపు. అందుకని చిన్నాయన భార్య, అంటే మా చిన్నమ్మ, కుంకుమ భరిణెతో వెనక సీటులో కూర్చుంది. ధర్మవరంలో బయలుదేరి తొమ్మిది రోజులు ముదిగుబ్బ, గోరంట్ల చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాం. ఏ ఇంట్లో ఏం పెట్టినా కాదనకూడదు కనుక ఉగ్గాని, ఓళిగలు, మళ్లీ ఉగ్గాని. (ఆరో రోజునుంచి ప్యాంటు గుండీ పెట్టుకోవడం మానేశాను.)

పదో రోజు ఆఖరిది. పెనుకొండలో రెండిళ్లు, ఆ తరువాత హిందూపురంలో మామ ఇల్లు. ఆ ఒక్క ఇల్లే అన్నిటికన్నా బరువు. మామ అంటే మా అమ్మకు అన్న. ఎనిమిదేళ్ల కిందట మేం కొత్త ఇంట్లో చేరినప్పుడు, నాయన ఇంటికి వెళ్లి పిలవకుండా ముందురోజు ఫోన్ చేసి రమ్మని ఊరుకున్నాడు. ఆనాటినుంచి మామ మా గడప తొక్కలేదు. ఇప్పుడేమో పెళ్లికూతుర్ని మేనమామే ఎత్తుకుని మంటపానికి తేవాలి. "మామ రాకపోతే నేను పీటల మీద కూచోను" అని అక్క తెగేసి చెప్పింది.

పెనుకొండ దాటగానే నాకు సంతోషం ఆగలేదు. ఇంక ఒక్క ఇల్లే! సోమందేపల్లిలో కారాపి మిరపకాయ బజ్జీలు రెండు పొట్లాలు కట్టించాను. చిన్నమ్మ దుప్పటి కప్పుకుని వెనక నిద్రపోతోంది. పాపం, లేపడమెందుకని ఆమె పొట్లం కూడా నేనే తిన్నానని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. నిజమేమిటంటే, లేపితే ఇవ్వాల్సి వస్తుంది. అంగడి ముందే నిలబడి రెండూ ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, పాట అందుకుని బండి కదిలించాను.

"చిన్నమ్మా, అయిపోయిందిలే!" అన్నాను. పలకలేదు. బజ్జీల వాసన పట్టేసి అలిగిందనుకున్నాను. హిందూపురం దాకా వెనక సీటును బతిమాలుకుంటూనే పోయాను. "రేపు నాలుగు పొట్లాలు కొనిస్తా, మాట్లాడు చిన్నమ్మా" అని కూడా అన్నాను.

మామ ఇంటి ముందు దిగి వెనక డోరు తీసి దుప్పటి లాగితే, కింద రెండు చీరల సంచులున్నాయి. చిన్నమ్మ లేదు. పక్కన ఆమె ఫోను మాత్రం ఉంది.

"ఏమప్పా, ఒక్కడివే వస్తివి?" వాకిలికెదురుగా చీర నేస్తున్న మామ మగ్గం దిగకుండానే అడిగాడు. అత్త కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"మరిచిపోయి వచ్చినా" అనే మాట గొంతుదాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం, "చిన్నమ్మకు శానా జ్వరం మామా. పెనుకొండలో పడుకోనుండాది" అని వచ్చింది.

"ఆ దినం ఫోను, ఈ దినం జ్వరం" అన్నాడు మామ. "పత్రిక ఆడ పెట్టి పో నాయనా." మగ్గం మళ్లీ టకటకలాడింది. అక్క మొహం కళ్లముందు కదిలింది. నేను పత్రిక పట్టుకుని వాకిట్లో అట్లే నిలబడిపోయాను.

అంతలో ఆటో ఆగింది. చేతిలో మల్లెపూల పొట్లం, మొహమంతా దుమ్ము, చిన్నమ్మ!

"ఏరా, నువ్వు బజ్జీల కాడ ఉన్నప్పుడు దిగి పూలు కొనుక్కొని వచ్చేలోపల నన్ను ఆడ్నే ఇడిచిపెట్టి వస్తివి కదరా! నా బజ్జీలు గూడా తినేసినావంట, అంగడాయప్ప చెప్పినాడు!"

అత్త పరుగున వెళ్లి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టింది. "జ్వరం తగ్గిందా అక్కా?"

"ఎవురికి జ్వరం?"

మగ్గం ఆగింది. ముగ్గురూ నావైపు చూశారు.

"మరిచిపోయి వచ్చినా మామా" అన్నాను. "భయమేసి అబద్ధం చెప్పినా."

మామ మగ్గం దిగి వచ్చాడు. కొడతాడనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. "నిండు మనిషిని మరిచిపోయినోన్ని నిన్నే సూస్తాండా! మీ నాయన ఆ పొద్దు బస్సు లేదన్న్యాడు, కాలు నొప్పన్న్యాడు. 'మరిచిపోతి బావా' అని ఒక్క మాట అనింటే ఆడికే అయిపోతాండె కదప్పా." తరువాత అత్తవైపు తిరిగి, "సూస్తాండావేం, పీట వెయ్. బొట్టు పెట్టించుకో" అన్నాడు.

పెళ్లిలో మామ అక్కను ఎత్తుకుని రొప్పుతూ మంటపానికి తెచ్చాడు. నాయన ఎదురెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

నాకిప్పుడు నలభై దగ్గర పడుతోంది. బుద్ధి వచ్చిందని చెప్పుకోవాలనే ఉంది. కానీ తప్పు చేసిన ప్రతిసారీ నా నాలుక మీదికి ముందు జ్వరమే వస్తుంది. దాన్ని మింగి నిజం చెప్పడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తసేపూ, నిండిన పొట్టతో, చేతిలో పత్రికతో మామ వాకిట్లో నిలబడిన ఆ కుర్రవాడు కనిపిస్తాడు. వాడి మీద కోపం రాదు. మెల్లగా, "చెప్పెయ్ రా, నవ్వుతారంతే" అనాలనిపిస్తుంది.